తాబేలు కన్నీరు, గూడబాతు గూడ: జంతుప్రవర్తనను చెప్పే పిల్లల బొమ్మల పుస్తకాల తెలుగు – నెల్లూరు తీరం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

జంతువుల ప్రవర్తనను పిల్లలకు పరిచయం చేసే కథేతర బొమ్మల పుస్తకాలను తెలుగు విమర్శ ఇప్పటివరకు ఎక్కువగా సమాచార దృష్టితోనో, బాలల మనోవికాస దృష్టితోనో చూసింది. వాటి భాషను ప్రత్యేకంగా పరిశీలించినది తక్కువ. ఒక జంతువు చేసే పనిని చెప్పడానికి ఎంచుకునే క్రియ, ఆ పని వెనుక ఉద్దేశం ఉందో లేదో కూడా చెప్పేస్తుంది. తెలుగులో మహదమహద్విభాగం, తద్ధర్మార్థక క్రియ, 'అట' అనే నిపాతం, 'కొను' అనే అనుప్రయుక్తం, ధ్వన్యనుకరణ పదాలు ఈ విషయంలో రచయితకు ఏ అవకాశాలు ఇస్తాయో, ఏ చిక్కులు తెస్తాయో ఈ వ్యాసం చర్చిస్తుంది. నెల్లూరు తీరంలో కనిపించే ఆలివ్ రిడ్లీ తాబేలు, గూడబాతు, నత్తగుల్ల కొంగ, తీతువు ఇందుకు ఉదాహరణలు.

కీలకపదాలు: బాలసాహిత్యం, బొమ్మల పుస్తకం, జంతుప్రవర్తన, మానవత్వారోపణ, తద్ధర్మం, అనువాదం, నెల్లూరు తీరం, నేలపట్టు, పులికాట్.

1. ఉపోద్ఘాతం

కావలి దగ్గరి తుమ్మలపెంట నుంచి మైపాడు, కోడూరు మీదుగా దక్షిణాన పులికాట్ సరస్సు వరకు సాగే తీరాన్ని జంతుప్రవర్తనకు తెరిచిపెట్టిన పుస్తకం అనవచ్చు. చలికాలం చివర నుంచి వేసవి మొదలు వరకు ఆలివ్ రిడ్లీ ఆడ తాబేళ్లు రాత్రివేళ ఇసుకమీదికి వచ్చి గుడ్లు పెడతాయి. సూళ్లూరుపేట సమీపంలోని నేలపట్టు చెరువులో నీట నిలిచిన చెట్లమీద గూడబాతులు గుంపులుగా గూళ్లు కడతాయి. పులికాట్ లోతు తక్కువ నీటిలో ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా ముంచి ఆహారాన్ని వడగట్టుకుంటాయి. నేలపట్టు 1976లో పక్షుల అభయారణ్యం అయింది. 2001 నుంచి సూళ్లూరుపేట కేంద్రంగా ఫ్లెమింగో పండుగ జరుగుతోంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, నేలపట్టు తిరుపతి జిల్లాలో చేరినా, ఈ పక్షుల రాకపోకలను నెల్లూరు తీరపు జీవితం నుంచి విడదీసి చూడలేం.

ఈ తీరంలోని ప్రభుత్వ పాఠశాల గ్రంథాలయంలోకి జంతువుల గురించిన బొమ్మల పుస్తకం అనేక దారుల్లో చేరుతుంది. ఒకప్పుడు విశాలాంధ్ర ద్వారా వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల సోవియట్ అనువాదాలు, తరువాత నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం, ప్రథమ్ బుక్స్, తూలిక, మంచి పుస్తకం ప్రచురణలు ఆ దారుల్లో ముఖ్యమైనవి. 2015లో ప్రథమ్ బుక్స్ ప్రారంభించిన స్టోరీవీవర్ వేదిక వల్ల అనువాదాల సంఖ్య బాగా పెరిగింది. ఈ పుస్తకాల్లో అధిక భాగం ఇతర భాషల్లో, ముఖ్యంగా ఆంగ్లంలో, పుట్టి తెలుగులోకి వచ్చినవి. వాటిలోని సమాచారం సరైనదే కావచ్చు. ఆ సమాచారాన్ని మోసే తెలుగు క్రియ సరైనదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. నీతికథ వారసత్వం

తెలుగు పిల్లలకు జంతువు మొదట పరిచయమయ్యేది నీతికథలో. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రచురించిన నీతిచంద్రిక పాఠ్యగ్రంథంగా తరతరాల విద్యార్థులకు సింహాన్ని, నక్కను, ఎద్దును రాజనీతిజ్ఞులుగా చూపింది. 1947 జూలైలో మొదలైన చందమామ ఆ సంప్రదాయాన్ని బొమ్మలతో ఇంటింటికీ చేర్చింది. నీతికథ మనిషి గురించి చెప్పడానికి జంతువును వాడుకుంటుంది. దమనకుడు నక్క అయినా, ఆ పాత్ర ద్వారా పాఠకుడు తెలుసుకునేది ఆస్థానంలోని కుటిల మంత్రి గురించే. ఆ ప్రక్రియకు అది దోషం కాదు.

పంచతంత్ర, హితోపదేశాలలోని టిట్టిభ దంపతుల కథ ఇందుకు మంచి ఉదాహరణ. సముద్రతీరంలో నివసించే టిట్టిభం గుడ్లు పెట్టే సమయాన భార్య సురక్షితమైన చోటు వెతకమంటుంది. మగపక్షి సముద్రాన్ని లెక్కచేయదు. సముద్రం గుడ్లను అపహరిస్తుంది. పక్షులన్నీ గరుత్మంతుని ఆశ్రయించగా, విష్ణువు ఆజ్ఞతో సముద్రం గుడ్లను తిరిగి ఇస్తుంది. ఆకాశం మీద పడుతుందేమోనని ఆ పక్షి కాళ్లు పైకెత్తి పడుకుంటుందన్న పరిహాసం కూడా ఈ కథా సంప్రదాయంలో ఉంది.

టిట్టిభమే తెలుగువారి తీతువు. ఈ పక్షి అసలు ప్రవర్తన కథకు తీసిపోనిది. పొలాల అంచున, చెరువుల పక్కన, గులకరాళ్ల నేలమీద అది గూడు లేకుండానే, నేలలో చిన్న గుంటచేసి సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్లమచ్చలుండే ఆ గుడ్లు రాళ్లలో కలిసిపోతాయి. ఎండ ముదిరినప్పుడు పెద్దపక్షి పొట్ట ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లమీద కూర్చుంటుంది. ఆ తడి గుడ్లను చల్లబరుస్తుంది. శత్రువు దగ్గరికి వస్తే గట్టిగా అరుస్తూ పైన తిరుగుతుంది. ఒక్కోసారి రెక్క విరిగినట్టు నేలమీద ఈడ్చుకుంటూ శత్రువును గూటి నుంచి దూరంగా మళ్లిస్తుంది. జనవ్యవహారంలో తీతువు కూత అపశకునం. కథలో ఆ పక్షి గర్విష్ఠి. రెంటిలోనూ గుడ్లను చల్లబరిచే పక్షి కనబడదు.

కథేతర బొమ్మల పుస్తకం ఈ వారసత్వాన్ని తుడిచివేయలేదు, తుడిచివేయనవసరమూ లేదు. తీతువు అరుపు మన చావు గురించి కాదని, దాని గుడ్ల గురించి అని చెప్పగలిగితే ఆ పుస్తకం ఒక భయాన్ని పరిశీలనగా మారుస్తుంది. నీతికథ భాషలోనే మాట్లాడుతూ ఆ పని చేయడం సాధ్యం కాదు. అందుకే భాషాపరిశీలన అవసరం.

3. మహత్తు, అమహత్తు: వ్యాకరణంలో జంతువు చోటు

నీతిచంద్రికలో జంతువులకు మాటలు ఇచ్చిన చిన్నయసూరే, 1858 నాటి బాలవ్యాకరణంలో జంతువులను మహత్తుల నుంచి వేరుచేశాడు. ఆయన విభాగం ప్రకారం స్త్రీలు, తిర్యక్కులు, జడపదార్థాలు కానివాటిని తెలిపే పదాలు మహత్తులు. స్త్రీవాచకాలు బహువచనంలో మహత్తులతో చేరుతాయి. తిర్యక్కులు రెండు వచనాల్లోనూ అమహత్తులే. నేటి వ్యవహారంలో దీని ఫలితం స్పష్టం. 'ఆమె వచ్చింది', 'అది వచ్చింది' అన్నప్పుడు క్రియ ఒకటే. 'వాళ్లు వచ్చారు', 'అవి వచ్చాయి' అన్నప్పుడు క్రియలు వేరు.

అనువాదకునికి ఇది ముఖ్యమైన విషయం. ఆంగ్ల రచయిత ఆడ తాబేలు గురించి రాసేటప్పుడు 'షీ' అనాలో 'ఇట్' అనాలో ప్రతి వాక్యంలోనూ తేల్చుకోవాలి. మొదటిది తాబేలును వ్యక్తిని చేస్తుంది, రెండవది వస్తువుకు దగ్గర చేస్తుంది. తెలుగులో 'తాబేలు ఒడ్డుకు వచ్చింది. ఇసుక తవ్వింది. గుడ్లు పెట్టింది.' అన్న వాక్యాలకు ఆ బాధ లేదు. సర్వనామాన్ని లోపింపజేయడం తెలుగుకు సహజం, క్రియ తల్లికీ తాబేలుకూ సమానం. తాబేలును మనిషిగానూ వస్తువుగానూ నిర్ణయించకుండానే పుస్తకమంతా నడిపించవచ్చు. మూలంలోని ప్రతి 'షీ'కి ఒక 'ఆమె'నో, 'తల్లి తాబేలు'నో పెట్టే అనువాదం ఈ వెసులుబాటును వదులుకొని, మూలంలో కూడా లేనంత మానవత్వాన్ని తెచ్చిపెడుతుంది.

మగజంతువు విషయంలో చిక్కు తిరగబడుతుంది. 'మగ గూడబాతు పుల్లలు తెచ్చింది' అంటే అమహత్తు. 'గూడబాతు నాన్న పుల్లలు తెచ్చాడు' అంటే మహత్తు. ఇక్కడ క్రియ మారింది, దానితో పక్షి కుటుంబీకుడయ్యాడు. గ్రాంథికంలో 'తెచ్చెను', 'తెచ్చును' అన్న రూపాలకు ఈ భేదం లేదు. కనుక దమనకుడు నక్కా మనిషా అన్న ప్రశ్న క్రియ దగ్గర తలెత్తకుండా, పేరు చివరి డుజ్వర్ణకం దగ్గరే తేలిపోయేది. వ్యావహారికంలో రాసే నేటి బాలసాహిత్యకారుడు ప్రతి సమాపక క్రియలోనూ ఆ నిర్ణయాన్ని ప్రకటించవలసి వస్తోంది. ఒకే పుటలో ఆడపక్షికి 'పెట్టింది' అని, మగపక్షికి 'తెచ్చాడు' అని రాస్తే ఆడది పక్షిగా మిగిలి, మగది మాత్రమే మనిషైనట్టు ధ్వనిస్తుంది. బొమ్మల పుస్తకాల సంపాదకులు దీన్ని అక్షరదోషాలతో సమానంగా గమనించాలి.

4. తద్ధర్మం, భూతం, 'అట'

ప్రవర్తన అంటే ఒక జీవి ఒకసారి చేసిన పని మాత్రమే కాదు, ఆ జాతి స్వభావంగా చేసే పని. తెలుగు వ్యాకరణం దీనికి సిద్ధంగా ఉంచిన పరిభాష తద్ధర్మం. కాలంతో నిమిత్తం లేకుండా స్వభావాన్ని తెలిపే క్రియ అది. 'తాబేలు రాత్రివేళ గుడ్లు పెడుతుంది' అన్న వాక్యం ఫలానా తాబేలు గురించి కాదు, తాబేలుతనం గురించి. కాని ఆధునిక వ్యవహారంలో తద్ధర్మమూ భవిష్యత్తూ ఒకే రూపంలో కలిసిపోయాయి. బొమ్మలో ఒక తాబేలు ఒడ్డున ఉండగా పక్కన 'గుడ్లు పెడుతుంది' అని ఉంటే, పిల్లవాడు 'ఇప్పుడు పెట్టబోతోంది' అని అర్థం చేసుకోవచ్చు. 'ఏటా', 'ఎప్పుడూ', 'చలికాలం చివర' వంటి కాలవాచకం ఒకటి చేరితే సందిగ్ధత తొలగుతుంది.

కథ నడిచేది భూతకాలంలో. అనగనగా కథల్లో దానికి 'అట' తోడవుతుంది. 'ఒక కొంగ ఉండేదట' అన్నప్పుడు చెప్పేవాడు ఆ విషయానికి తాను సాక్షిని కానని ఒప్పుకుంటున్నాడు. కథేతర రచనలో 'అట' ఉండదు. దాని చోటులో సాక్ష్యం ఉండాలి: ఎవరో చూశారు, లెక్కపెట్టారు, రాత్రంతా కాపు కాశారు. చాలా పుస్తకాలు 'అట'ను తీసివేసి సాక్ష్యాన్ని చేర్చడం మరచిపోతాయి. అప్పుడు కథకూ శాస్త్రానికీ తేడా చెప్పేవాని కంఠంలోని నిశ్చయం ఒక్కటే అవుతుంది.

ప్రపంచ సాహిత్యంలో ఈ సమస్యను ఎదుర్కొన్నవారిలో ముందు చెప్పుకోవలసినవాడు నికో టిన్‌బర్గెన్. జంతుప్రవర్తన శాస్త్రానికి పునాదులు వేసి, 1973లో కొన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందిన ఈ శాస్త్రవేత్త పిల్లల కోసం కూడా రాశాడు. ఒక సముద్రపు కాకి జీవితాన్ని చెప్పే ఆయన 'క్లీవ్' 1947లో వెలువడింది. ఆయన ఒక పక్షిని ఎంచుకొని, దానికి పేరుపెట్టి, దాని కథగా చెప్పాడు. జాతి స్వభావాన్ని ఒక జీవి జీవితచరిత్రగా మలిచాడు. 1963లో ఆయనే ప్రతిపాదించిన నాలుగు ప్రశ్నలు జంతుప్రవర్తన అధ్యయనానికి నేటికీ ఆధారం: ఈ పని ఏ యంత్రాంగం వల్ల జరుగుతోంది, జీవి పెరుగుదలలో ఎలా ఏర్పడింది, మనుగడకు ఎలా తోడ్పడుతోంది, పరిణామంలో ఎలా వచ్చింది. బొమ్మల పుస్తకాలు సాధారణంగా మూడవ ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పి ఆగిపోతాయి.

తద్ధర్మం ఒక్కటే ఉంటే పుస్తకం జాబితా అవుతుంది. భూతం ఒక్కటే ఉంటే కథ అవుతుంది. పెద్ద అక్షరాల్లో ఒక జీవి కథను భూతకాలంలో, చిన్న అక్షరాల్లో జాతి స్వభావాన్ని తద్ధర్మంలో నడిపే రెండంచెల పుట ఇందుకు ఉచితమైన పరిష్కారం. పిల్లవాడు కథను చదువుతాడు, చదివి వినిపించే పెద్దవారు రెండవదాన్ని అందుకుంటారు.

5. తాబేలు కన్నీరు

ఒడ్డుకు వచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేలు కళ్ల నుంచి చిక్కటి నీరు కారుతుంది. ఇది చూసినవారికి తల్లి ప్రసవవేదనగానో, పిల్లలను వదిలి వెళ్లే దుఃఖంగానో తోచడం సహజం. సముద్రపు నీటి నుంచి, ఆహారం నుంచి ఒంట్లో చేరిన అధిక ఉప్పును కంటి దగ్గరి గ్రంథులు బయటికి పంపుతాయని 1958లో శాస్త్రవేత్తలు నిరూపించారు. సముద్రంలో ఉన్నప్పుడూ అది జరుగుతూనే ఉంటుంది. నీటిలో కనబడదు, ఒడ్డున కనబడుతుంది. ఈ ఒక్క దృశ్యం పుస్తకపు నిజాయతీకి గీటురాయి.

దీన్ని మూడు విధాలుగా చెప్పి చూడవచ్చు.
(అ) తల్లి తాబేలు పిల్లలను తలచుకొని కన్నీరు పెట్టుకుంది.
(ఆ) తాబేలు ఒంట్లోని ఉప్పును కన్నీటితో వదిలించుకుంటుంది.
(ఇ) తాబేలు కంటి నుంచి ఉప్పునీరు కారుతుంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుంది.

మొదటి వాక్యం భావారోపణ. దాన్ని గుర్తించడం తేలిక. రెండవది శాస్త్రీయంగా కనిపిస్తుంది, కాని 'కొను' అనుప్రయుక్తం ఆ పనిని తాబేలు తన కోసం, తెలిసి చేస్తున్నట్టు చెబుతుంది. మూడవదానిలో కర్త తాబేలు కాదు, ఉప్పునీరు. తెలుగు క్రియలో ఆత్మార్థకం ఇంత సూక్ష్మంగా ఉద్దేశాన్ని చేర్చగలదన్న ఎరుక లేకుండా శాస్త్రవిషయాలను రాస్తే, సమాచారం సరైనదై వాక్యం తప్పుతుంది. 'కోసం', '-డానికి' అన్న ప్రయోజనార్థకాలదీ ఇదే తీరు. 'శత్రువులను మోసగించడానికి తీతువు గుడ్లకు మచ్చలుంటాయి' అన్న వాక్యంలో మోసగించేది ఎవరు? 'మచ్చల వల్ల గుడ్లు రాళ్లలో కలిసిపోయి శత్రువు కంట పడవు' అంటే ప్రశ్నే రాదు.

అయితే ఈ జాగ్రత్తను జంతువుకు అనుభూతే లేదనే వరకు లాగకూడదు. జంతువు చేసే పనికి దిగువస్థాయి వివరణ చాలినప్పుడు పైస్థాయి మనోవ్యాపారాన్ని ఆరోపించవద్దని 1894లో లాయిడ్ మోర్గాన్ సూత్రీకరించాడు. మనిషికీ జంతువుకూ ఉన్న సామ్యాన్ని ముందుగానే నిరాకరించడం కూడా దోషమేనని తరువాతి కాలంలో ఫ్రాన్స్ డి వాల్ వాదించాడు. గూటిపై శత్రువు వాలినప్పుడు తీతువు అరుపులో ఆందోళన లేదనడానికి ఎవరికీ అధికారం లేదు. కనుక బొమ్మల పుస్తకానికి వర్తించే ప్రమాణం ఇలా ఉండాలి: భావాన్ని నిషేధించనవసరం లేదు, కాని ఆ భావానికి ఆధారమైన చేష్ట అదే పుటలో కనబడాలి. కన్నీటికి దుఃఖం ఆధారం కాదు. అరుపుకు, రెక్కవిరిచిన నటనకు గూటి దగ్గరి అపాయం ఆధారం.

తాబేలు విషయంలో మరొక ఇబ్బంది మాతృత్వం. గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ దిమ్మిసలా ఇసుకను అణచి తాబేలు సముద్రంలోకి వెళ్లిపోతుంది. తిరిగి గూటిని చూడదు. సుమారు వంద గుడ్లు నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో ఇసుక వేడికే పొదగబడతాయి. ఇసుక వెచ్చదనాన్ని బట్టే పిల్లలు ఆడవో మగవో తేలుతుంది. తల్లిని మహోన్నతంగా చూపే మన బాలసాహిత్యానికి ఈ నిష్క్రమణ మింగుడుపడదు. అందుకే కన్నీటికి దుఃఖాన్ని జతచేసి దాన్ని సరిదిద్దాలనే ప్రలోభం కలుగుతుంది. పిల్లలకు నిజం చెప్పడం ఇక్కడే అవసరం. తల్లి చేసిన పని గొయ్యి తవ్వడంలో, చోటు ఎంచడంలో, కప్పడంలో పూర్తయింది. ఆ పనిని శ్రద్ధగా వర్ణించగలిగితే కన్నీటి అవసరం ఉండదు.

వర్ణనకు తెలుగు ఇచ్చే గొప్ప సాధనం ధ్వన్యనుకరణం. 'జరజరా', 'బిరబిరా', 'గబుక్కున', 'బుడుంగున' వంటి పదాలు కదలిక తీరును పట్టిస్తాయి, ఉద్దేశం జోలికి పోవు. ఎండ్రకాయ బిరబిరా బొరియలో దూరిందనడంలో భయమూ లేదు, తెలివీ లేదు. కదలిక ఉంది, చదివే పిల్లవాని నోటికి ఆట ఉంది. మూలభాషలోని మనోవ్యాపార క్రియకు బదులు ఇటువంటి పదాన్ని నిలిపిన అనువాదం మూలం కన్నా శాస్త్రానికి దగ్గరవుతుంది.

6. పేరే పరిశీలన: గూడబాతు, నత్తగుల్ల కొంగ, తెడ్డుమూతి కొంగ

పంతొమ్మిదవ శతాబ్దంలో నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన థామస్ జెర్డన్ 1862–64 మధ్య ప్రచురించిన తన భారతీయ పక్షుల గ్రంథంలో శాస్త్రనామాల పక్కన తెలుగు పేర్లను నమోదు చేశాడు. ఆ పేర్లు ఆయనకు వేటగాళ్లు, పల్లెవాసులు చెప్పినవి. కర్ణాటక ప్రాంతంలో ఒక ఊరి నడుమ చెట్లపై మనుషులకు బెదరకుండా గూళ్లు కట్టుకునే గూడబాతులను చూసినట్టు కూడా ఆయన రాశాడు. ఈ తీరపు జంతుప్రవర్తన జ్ఞానం ముద్రణలోకి రావడంలో మొదటి మెట్టు స్థానిక నామమే.

'గూడ' అంటే గుంటలోని నీటిని పైనున్న పొలానికి ఎత్తిపోసే బుట్ట. గూడబాతు ముక్కు కింది తోలు అదే పని చేస్తుంది. నీటితో సహా చేపను ఎత్తుతుంది, నీటిని వెలుపలికి వదులుతుంది, చేపను మింగుతుంది. ఆంగ్లంలోని మాటను అనుసరించి దాన్ని 'సంచి' అని అనువదిస్తే, చేపలను దాచుకునే సంచి అన్న భావం వస్తుంది. గూడబాతు చేపలను ఆ తోలులో నిలవచేసి మోయదు. అంటే శాస్త్రీయ పుస్తకపు అనువాద పదం తప్పుదారి పట్టించే చోట, పల్లె పేరు సరైన యంత్రాంగాన్ని చెబుతోంది. నేలపట్టు పిల్లల చేతిలోని పుస్తకంలో ఆ పక్షి కేవలం 'పెలికాన్'గా ఉంటే, వారి ఇంటిభాషలో ముందే ఉన్న పాఠాన్ని పుస్తకం లాక్కున్నట్టే. గూడ వేయడం కనుమరుగైన ఈ కాలంలో ఆ పేరుకు బొమ్మ అవసరం. ఒకవైపు ఇద్దరు రైతులు తాళ్లు పట్టి గూడ వేస్తున్న బొమ్మ, ఎదురుపుటలో పక్షి ముక్కు. అంతకన్నా వివరణ అక్కరలేదు.

నత్తగుల్ల కొంగ పేరు దాని ఆహారాన్ని చెబుతుంది. దాని ముక్కు రెండు భాగాల మధ్య సందు ఉంటుంది. ఆ సందులో గుల్లను ఇరికించి పగలగొడుతుందన్న ఊహ చాలాకాలం ప్రచారంలో ఉంది. పరిశీలనలో తేలింది వేరు: ముక్కు కొనను లోపలికి దూర్చి నత్త మాంసాన్ని వెలికి లాగడమే దాని ప్రధాన పద్ధతి. పిల్ల కొంగల ముక్కుకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. టిన్‌బర్గెన్ రెండవ ప్రశ్నకు, అంటే పెరుగుదలకు సంబంధించిన ప్రశ్నకు, ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఈ తీరంలో దొరకదు. తెడ్డుమూతి కొంగ పేరులో వంటింటి తెడ్డు ఉంది. నీటిని అటూ ఇటూ కలియబెడుతూ వెతికే దాని తీరు ఆ పోలికకు నప్పుతుంది. కలివి పొదల్లో తిరిగే కలివికోడి పేరు దాని నివాసాన్ని చెబుతుంది. జెర్డన్ పేరుతో శాస్త్రలోకానికి తెలిసిన ఆ పక్షి చాలాకాలం కనబడక, 1986లో కడప ప్రాంతంలో మళ్లీ వెలుగుచూసింది. అందులో స్థానికులకు దాని గురించి ఉన్న ఎరుకకు పాత్ర ఉంది.

స్థానిక నామం ప్రతిచోటా శాస్త్రానికి సరిపోతుందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. పత్రికల్లో ఫ్లెమింగోను రాజహంస అనడం వల్ల కావ్యాల హంస, పులికాట్ పక్షి కలగలిసిపోయాయి. పాలను, నీటిని వేరుచేసే కవిసమయం, బురదనీటిని వడగట్టే నిజమైన ముక్కు రెండూ ఒకే పేరు కింద చేరడం వింతైన యాదృచ్ఛికం. పుస్తకం దాన్ని వాడుకోవచ్చు, కాని కలిపివేయకూడదు.

7. బొమ్మ బాధ్యత

బొమ్మల పుస్తకంలో సగం వాక్యం బొమ్మే. మాటల్లో ఎంత జాగ్రత్తపడినా, తాబేలు ముఖానికి కనుబొమలు, చిరునవ్వు గీస్తే భావారోపణ జరిగిపోతుంది. ముఖానికి రెండు వైపులా ఉండే పక్షి కళ్లను ముందుకు తెచ్చి మనిషి కళ్లలా జంటగా గీయడం మరొక సాధారణ దోషం. శత్రువును పక్కనుంచి, వెనకనుంచి పసిగట్టే చూపు ఆ కళ్ల స్థానం వల్లనే సాధ్యమైనప్పుడు, బొమ్మ ప్రవర్తన మూలాన్నే చెరిపేస్తుంది.

స్టీవ్ జెంకిన్స్, రాబిన్ పేజ్ 2003లో వెలువరించిన 'వాట్ డూ యూ డూ విత్ ఎ టెయిల్ లైక్ దిస్?' ఈ విషయంలో మార్గం చూపింది. కత్తిరించిన కాగితాలతో చేసిన బొమ్మల్లో మొదట అవయవాలను మాత్రమే చూపి ప్రశ్న వేస్తుంది. పుట తిప్పితే పూర్తి జంతువు, జవాబు కనబడతాయి. పుట తిప్పడమే ఊహకూ నిర్ధారణకూ నడుమ విరామం. నేలపట్టు ముక్కులన్నిటినీ, అంటే గూడను, తెడ్డును, సందున్న ముక్కును, ఈ పద్ధతిలో చూపే పుస్తకానికి వస్తువు సిద్ధంగా ఉంది.

తాబేలు పుస్తకానికి చీకటి అవసరం. గుడ్ల నుంచి వెలువడిన పిల్లలు రాత్రివేళ వెలుతురు ఎక్కువగా కనిపించే దిశకు కదులుతాయి. సహజ తీరంలో అది సముద్రం వైపు. రోడ్లు, రొయ్యల హేచరీలు, రేవుల దీపాలు ఉన్నచోట అది భూమి వైపు. నీలాకాశం కింద ఎండలో పరుగెత్తే తాబేలు పిల్లల బొమ్మ అందంగా ఉండవచ్చు, కాని దీపం ఎందుకు ఆర్పాలో ఆ బొమ్మ చెప్పలేదు. రెండు పుటల నిండా నలుపు, ఒక అంచున నీటిమీది మసక వెలుగు, మరొక అంచున పసుపు దీపం ఉంటే పర్యావరణ ఉపదేశం విడిగా రాయనక్కరలేదు.

8. అనువాద వేదికలు, తీరపు పాఠకులు

స్టోరీవీవర్ పుస్తకాలు స్వేచ్ఛానుమతితో లభిస్తాయి, ఎవరైనా అనువదించవచ్చు, మార్చి వాడుకోవచ్చు. పఠనస్థాయిని బట్టి వాటిని నాలుగు అంచెలుగా విభజించారు. ఈ వేదికలు చేసిన మేలు పెద్దది. అయితే తొలి స్థాయిల్లో వాక్యం కుదించబడినప్పుడు ముందుగా పడిపోయేవి కాలవాచకాలు, సాక్ష్యం తెలిపే మాటలు. 'కొన్నిసార్లు', 'సాధారణంగా', 'చూసినవారు చెప్పారు' అన్నవి పోతే మిగిలేది నిరపవాదమైన తద్ధర్మం. చిన్నపిల్లల కోసం సరళం చేయడమంటే నిశ్చయాన్ని పెంచడం కాదు. 'కొన్ని' అన్న మాట ఒకటవ తరగతి పిల్లలకూ అర్థమవుతుంది.

పట్టపుపాలేల పిల్లలు, చెరువులను ఆనుకొని బతికే యానాది కుటుంబాల పిల్లలు ఈ జీవులను పుస్తకం కన్నా ముందే ఎరుగుదురు. వలలో పడిన తాబేలును చూసినవారు ఉంటారు. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమన్న మాట నేలపట్టు రైతుల నోట వినిపించేదే. వీరికి కథేతర పుస్తకం కొత్త జంతువును పరిచయం చేయదు, తెలిసిన జంతువును మరోసారి చూడమంటుంది. కాని ఇప్పటి పుస్తకాల్లో అధికభాగం జంతువును ఎన్నడూ చూడని నగర బాలలను ఉద్దేశించి 'నీకు తెలుసా?' అని మొదలవుతాయి. తీరపు పిల్లవానికి ఆ ప్రశ్న నప్పదు. 'నువ్వు ఏం చూశావు?' అన్నది వారికి తగిన ప్రశ్న. చివరి పుటలో నాలుగు గీతల ఖాళీ వదిలి, తేదీ, చోటు, చూసిన చేష్ట రాయమంటే పాఠకుడు సాక్షి అవుతాడు. 'అట' పోయిన చోట సాక్ష్యం చేరేది అప్పుడే.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

• జంతుప్రవర్తనను చెప్పే పుస్తకంలో మానవత్వారోపణ ఇతివృత్తంలో కన్నా క్రియలో ఎక్కువగా దాగి ఉంటుంది. మగజంతువుకు మహత్క్రియ, ఆత్మార్థకమైన 'కొను', ప్రయోజనార్థకమైన '-డానికి' దాని ప్రధాన రూపాలు.

• స్త్రీకీ తిర్యక్కుకూ ఏకవచన క్రియ ఒకటే కావడం తెలుగుకు ఉన్న వెసులుబాటు. ఆంగ్ల మూలాన్ని మాటకు మాటగా అనుసరిస్తే అది పోతుంది.

• తద్ధర్మం జాతిని, భూతం జీవిని చెబుతాయి. రెండింటినీ ఒకే పుటలో రెండంచెలుగా నడపడం ఈ ప్రక్రియకు అనువైన నిర్మాణం.

• గూడబాతు, నత్తగుల్ల కొంగ వంటి స్థానిక నామాలు పరిశీలన ఫలితాలు. అనువాదంలో వాటిని వదిలివేయడం భాషకే కాక శాస్త్రానికీ నష్టం.

• బొమ్మలోని కన్ను, వెలుతురు, పుట తిప్పే విరామం వాక్యంతో సమానంగా విమర్శకు లోబడాలి.

తెలుగు శాఖల్లో బాలసాహిత్య పరిశోధన ఎక్కువగా కథ, గేయం చుట్టూ తిరుగుతోంది. పదహారు పుటల శాస్త్రవిషయక బొమ్మల పుస్తకం పరిశోధనకు తగినంత పెద్దది కాదన్న భావన దీనికి ఒక కారణం కావచ్చు. కాని పిల్లలు చదివే తొలి కథేతర తెలుగు అదే. తాబేలు కంట కారేది ఉప్పునీరని చెప్పే వాక్యం ఎలా ఉండాలన్నది వ్యాకరణం, అనువాదం, శాస్త్రం కలిసి తేల్చవలసిన ప్రశ్న. నేలపట్టు చెరువుగట్టున ఉన్న పాఠశాలలో ఆ వాక్యాన్ని చదివే పిల్లవానికి సాయంత్రం గట్టెక్కి దాన్ని సరిచూసుకునే అవకాశం ఉంది. అతని చూపుకు నిలబడే తెలుగును ఇవ్వడం ఈ ప్రక్రియ రచయితల, అనువాదకుల, విమర్శకుల ఉమ్మడి బాధ్యత.